క్రోమోజోములు లెక్కపెట్టాలంటే సెంట్రోమియర్లు చూడండి

ఇంటర్, నీట్ పిల్లలు కణ విభజన లెక్కల్లో తరచూ తడబడేది రెట్టింపైన క్రోమోజోములోని ఒకేలాంటి రెండు పోగుల్ని, అంటే క్రోమాటిడ్‌లను క్రోమోజోములుగా లెక్కపెట్టడం వల్లే. పటంలో సెంట్రోమియర్లు (ఆ పోగులు అతుక్కుని ఉండే చోట్లు) ఎన్ని ఉంటే క్రోమోజోములు అన్నే. ఇది పట్టుకుంటే సగం పని అయినట్టే.

మన ఒంగోలు ఆవునే తీసుకోండి. దాని శరీర కణంలో 60 క్రోమోజోములు. విభజనకు ముందు ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది. అయినా సెంట్రోమియర్లు విడిపోవు కనుక క్రోమోజోములు 60గానే ఉంటాయి, క్రోమాటిడ్‌లు మాత్రం 120. శరీర కణాల్లో జరిగే సమవిభజన (మైటోసిస్) చలన దశలో (అనాఫేజ్) సెంట్రోమియర్లు చీలగానే ఆ కణంలో కాసేపు 120 క్రోమోజోములు కనిపిస్తాయి. తర్వాత పిల్ల కణానికి 60 చొప్పున.

అసలు చిక్కు బీజకణాలు ఏర్పడే క్షయకరణ విభజనలో (మియోసిస్). మొదటి విభజనలో సెంట్రోమియర్ చీలదు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన క్రోమోజోముల జతలే విడిపోతాయి. సంఖ్య సగమయ్యేది అక్కడే, రెండో విభజనలో కాదు! ఒక్కో కణానికి 30 వస్తాయి, ప్రతిదానికీ రెండేసి క్రోమాటిడ్‌లు. ప్రశ్న ఇచ్చేవారు ఎక్కువగా మెలిక పెట్టేదీ ఇక్కడే. రెండోది సమవిభజన లాంటిదే.

సాధనకు నెల్లూరు గొర్రెను తీసుకుని దాని 54 క్రోమోజోములతో ఇదే పట్టిక వేయండి. రెండో క్షయకరణ విభజన చలన దశలో ఒక్కో కణానికి 54 రావాలి. 27 వచ్చిందంటే, సెంట్రోమియర్లు చీలకముందో, కణం రెండుగా విడిపోయాకో లెక్కపెట్టారన్నమాట.