సూర్యుణ్ణి చదువుదాం – 4: మచ్చ ముదరకముందే పట్టుకోవడం

మాగ్నెటోగ్రామ్‌లో, అంటే సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని చూపే బొమ్మలో, తెలుపంటే మనవైపు వచ్చే అయస్కాంత క్షేత్రం, నలుపంటే అవతలికి పోయేది అని పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒక చురుకు ప్రాంతం, అంటే మచ్చలు ఏర్పడే బలమైన అయస్కాంత క్షేత్రమున్న చోటు, పుట్టడాన్ని చూద్దాం.

సూర్యుడి బొమ్మలు చూపే హీలియోవ్యూయర్ వెబ్‌సైటు తెరిచి తేదీ 2011 ఫిబ్రవరి 10 పెట్టండి. ఎస్‌డీఓ (నాసా ఉపగ్రహం), హెచ్‌ఎంఐ (అందులోని పరికరం), మాగ్నెటోగ్రామ్ ఎంచుకోండి. టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక. 3 గంటలకో బొమ్మ చొప్పున 15వ తేదీ దాకా జరుపుతూ, దక్షిణార్ధగోళంలో నడిమికి ఎడంవైపు చూడండి.

మామూలు చోట్ల ముగ్గుపిండీ బొగ్గుపొడీ కలిపి చల్లినట్టుంటుంది. దాన్ని వదిలేయండి. మనం వెతికేది జంటను. పక్కపక్కనే ఒక తెల్ల చుక్క, ఒక నల్ల చుక్క పుట్టి, పూటపూటకీ లావెక్కుతూ దూరం జరుగుతాయి. ఎందుకలా? నీళ్ల తొట్టిలో మునిగిన రబ్బరు పైపును నడుం దగ్గర పట్టుకుని మెల్లగా పైకెత్తండి. పైపు నీటిమట్టాన్ని రెండు చోట్ల దాటుతుంది. ఎత్తేకొద్దీ ఆ రెండు చోట్లూ దూరమవుతాయి. లోపలినుంచి తేలే అయస్కాంత గొట్టమూ అంతే: ఒక కాలు దగ్గర క్షేత్రం బయటికొస్తుంది, రెండో కాలు దగ్గర లోపలికి పోతుంది.

మీరు చూస్తున్న ప్రాంతం నంబరు 11158. ఇక్కడ తమాషా ఏమిటంటే, పక్కపక్కనే రెండు జంటలు తేలాయి. ఎడమ జంటలోని తెలుపు, కుడి జంటలోని నలుపు మధ్యలో ఎదురుపడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగాయి. 13, 14 తేదీల బొమ్మల్లో ఆ సరిహద్దును పెద్దది చేసి చూడండి, తొందరపడకండి. 15వ తేదీన మన టైమ్ ప్రకారం ఉదయం 7:26కి ఎక్స్2.2 జ్వాల (ఎక్స్ అంటే అన్నిటికంటే తీవ్రమైన తరగతి) పతాక స్థాయికి చేరింది. ఆ సౌరచక్రంలో (మచ్చలు పెరిగి తగ్గే సుమారు 11 ఏళ్ల కాలంలో) అదే తొలి ఎక్స్ తరగతి జ్వాల.

ఒక జాగ్రత్త. నేను కొత్తలో సూర్యబింబం అంచున ఒక మచ్చ పక్కన నల్లటి చార చూసి, కొత్త జంట దొరికిందని సంబరపడ్డాను. వారం రోజులకు మచ్చ నడిమికొచ్చేసరికి చార మాయం! ఈ బొమ్మ మన చూపు దిశలోని క్షేత్రాన్నే చూపిస్తుంది. అంచు దగ్గర వాలుగా ఉన్న క్షేత్రం తిరగబడినట్టు కనిపిస్తుంది. అందుకే అంచు జంటలను నమ్మొద్దు.

ఇంటిపని: 11158లోని ఈ జంటల్లో కుడివైపున, అంటే సూర్యుడు తిరిగే దిశలో ముందు నడిచేది, తెలుపు. ఇది 24వ చక్రం. చక్రం మారితే ఈ వరస తిరగబడుతుంది. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రంలో దక్షిణాన ముందు నడిచేది నలుపు కావాలి. 2023 బొమ్మల్లో ఐదు జంటలు పట్టి సరిచూడండి. ఒకటి ఎదురు తిరిగితే కంగారొద్దు, తేదీ రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో దాంతోనే పని.