పడవలోంచి నీటికుక్కల ఫొటోలు: కెమెరా షేక్ (అదురు) ఎలా తగ్గిందంటే

కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు కనబడటమే అదృష్టం. కనబడ్డాక ఫొటో మసగ్గా వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. షట్టర్ స్పీడ్ 1/500 సెకను పెట్టినా నాకు మీసాలు అలికేసినట్టే వచ్చేవి.

లెన్స్‌ని పడవ అంచుకి ఆనించడం మానేశాక సగం సమస్య తీరింది. ఇంజిన్ అదురంతా ఆ చెక్కలోంచే కెమెరాకి పాకుతుంది. ఇప్పుడు మోచేతులు పక్కలకి నొక్కి, చేత్తోనే పట్టుకుంటున్నాను. షట్టర్ స్పీడ్ 1/2000, ఆటో ఐఎస్ఓ (వెలుగుకి తగ్గట్టు సున్నితత్వాన్ని కెమెరాయే సర్దుకుంటుంది). ఫొటోలో కాస్త గ్రెయిన్ (సన్నటి చుక్కలు) వస్తే రానీండి, షేక్ కంటే నయం.

ఇంజిన్ ఆపించడం ఇంకా ముఖ్యం. మా సరంగు దూరంలోనే ఆపేసి, "కదలకండి బాబూ, వాటి దారిన అవే వస్తాయి" అంటాడు. నిజంగానే వచ్చాయి. ఒకటి బురదగట్టు ఎక్కి, చేపని ముందుకాళ్లతో అదిమిపట్టి తల వైపు నుంచి కొరికింది. తడి బొచ్చు మీద వెలుగు, పళ్ల మధ్య పొలుసులు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. వెంటపడి తరిమితే ఇలాంటివి దొరకవు. వాటిని బెదరగొట్టి తీసిన ఫొటో నాకు అక్కర్లేదు కూడా.

నీరు తీసే వేళ వెళ్లండి. బురద తేలితే ఉల్లంకి పిట్టలు, కొంగలు మేతకి దిగుతాయి. చీకటి మడచెట్ల ముందు తెల్లకొంగ ఉంటే కెమెరా ఈకల్ని సున్నంలా తెల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తే (అంటే వెలుగు సగానికి) ఈకల గీతలు నిలుస్తాయి. తళతళలాడే నీళ్లలో నల్లగా కనిపించే నీటికుక్కకి మాత్రం కొంచెం పెంచాలి.

ఒడ్డుకి రాగానే లెన్స్ మీది ఉప్పుతుంపరని తడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.