గుండె పాఠాలు – 4: వచ్చినంతా పంపాలి

పోయిన పాఠంలో మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. వారం రోజులు రాసుకున్న అంకెలు దగ్గర పెట్టుకోండి. ఈరోజు వాటితో పని ఉంది.

మీ నాడి నిమిషానికి 72 అనుకుందాం. కొట్టుకున్న ప్రతిసారీ గుండెలో ఎడమవైపు కింది గది, అంటే ఎడమ జఠరిక, సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి పంపుతుంది. కర్నూలు బస్టాండులో ఇచ్చే చిన్న టీ గ్లాసంత. రెండూ గుణిస్తే నిమిషానికి 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం మొత్తం కూడా ఇంచుమించు అంతే.

ఇప్పుడు మార్కెట్ యార్డుకు వెళ్దాం. హమాలీ ఒకాయన ఉల్లి బస్తా భుజాన వేసుకుని, చెక్క మీదుగా లారీలోకి ఎక్కి దిగుతున్నాడు. పని జోరు మీద ఆయన నాడి 150 ఉంటే, గుండె పంపేది 15 లీటర్లు దాటవచ్చు. నాడి రెండింతలే అయింది, రక్తం మూడింతలైంది. మిగతాది ఎక్కడిది? గ్లాసే పెద్దదైంది. ఒక్కో దెబ్బకు 70 కాదు, 100 మిల్లీలీటర్లు వెళ్తోంది.

పెంచమని ఎవరు చెప్పారు? మెదడు అనే జవాబు తప్పు కాదు, నరాల సంగతి తర్వాత చూద్దాం. కానీ నరాలతో పనిలేకుండానే గుండె సర్దుకోగలదు. 1895లో జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండె మీద, 1914లో ఇంగ్లండులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ బృందం కుక్క గుండె మీద దీన్ని చూపారు. రక్తం ఎక్కువగా వచ్చి నిండితే గుండె కండరం సాగుతుంది. సాగిన కండరం మరింత బలంగా ముడుచుకుంటుంది. దీన్ని ఉండేలు రబ్బరుతో పోలుస్తారు, నాకది సగమే నచ్చుతుంది. రబ్బరు మనం పెట్టిన బలాన్నే తిరిగి ఇస్తుంది. కండరం అలా కాదు. సాగినప్పుడు దాని పోగులు కాల్షియానికి మరింత చురుగ్గా స్పందించి, కొత్త బలంతో లాగుతాయి.

ఈ గుణం లేకపోతే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూడండి. గుండె కుడి భాగం ఊపిరితిత్తులకు పంపిన దానికంటే, అక్కడి నుంచి రక్తం అందుకునే ఎడమ భాగం ప్రతి దెబ్బకు ఒక్క మిల్లీలీటరు తక్కువ పంపిందనుకోండి. నిమిషానికి 72 మిల్లీలీటర్లు, గంటకు 4 లీటర్లకు పైగా రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోవాలి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది జరగదు. రక్తం కాస్త నిలవగానే ఎడమ జఠరిక ఎక్కువ నిండుతుంది, సాగుతుంది, బాకీ తీర్చేస్తుంది. ఈ లెక్క మొదటిసారి వేసిన రోజు నేను చాలాసేపు పెన్ను కింద పెట్టి కూర్చుండిపోయాను.

అంటే గుండె ఎంత పంపాలన్నది, దానికి ఎంత తిరిగి వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. తిరిగి తెచ్చేవి సిరలు. హమాలీ చెక్క మీద అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని కాలి సిరలను పిండుతుంది. సిరల్లోని కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. బస్తాలు మోసి మోసి ఒక్కసారిగా కదలకుండా నిలబడితే కళ్లు తిరగడానికి కారణం ఇదే. పిక్కలు పిండడం ఆగింది, రక్తం కాళ్లలో ఉండిపోయింది. మే నెల ఎండలో చర్మంలోని రక్తనాళాలు కూడా వెడల్పవుతాయి కాబట్టి, వరుసలో కదలకుండా నిలబడటం మరీ కష్టం. అలాంటప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. అయినా తల తిరుగుతుంటే వెంటనే కూర్చోండి.

ఇక అభ్యాసం. ఉదయం అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి లెక్కపెట్టండి. తర్వాత లేచి, గోడ పక్కన కదలకుండా నిలబడి, ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టండి. నిలబడగానే అర లీటరు పైగా రక్తం కిందికి దిగుతుంది, గ్లాసు చిన్నదవుతుంది, ఆ లోటు పూడ్చడానికి నాడి పెరుగుతుంది. సాధారణంగా 10 నుంచి 20 దాకా తేడా కనిపిస్తుంది. రక్తపోటుకు మందులు వాడేవారు, లేవగానే తూలేవారు ఒంటరిగా చేయవద్దు.

రెండు రోజులు ఇలాగే రాసుకోండి. మూడో రోజు ముందుగా రెండు గ్లాసుల నీళ్లు తాగి, అరగంట ఆగి కొలవండి. తేడా మారిందో లేదో పక్కనే రాయండి. అయిదో పాఠం ఆ అంకెతోనే మొదలుపెడదాం.