చెన్నైలో పిల్లలకు సముద్రం చరిత్ర చూపించాలంటే

మొదటిసారి మా చెల్లెలి పిల్లల్ని నేరుగా ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లాను. పది నిమిషాలకే "పెద్దమ్మా, ఐస్‌క్రీమ్" అన్నారు. అప్పటి నుంచి వరస మార్చాను. ముందు ఇల్లు, తర్వాత రేవు, మ్యూజియం ఆఖర్న.

శనివారం సాయంత్రం నాలుగు అట్టముక్కలు తీసుకోండి. ఒక జత అంచులు కలిపి స్టేప్లర్ పిన్నులు కొట్టండి. రెండో జతను సన్నటి పురికొసతో కుట్టండి. రెండింటినీ అటూ ఇటూ వంచమని పిల్లలకిచ్చేయండి. పిన్నుల దగ్గర అట్ట చిరుగుతుంది. కుట్టు కిర్రుమంటుందే గానీ ఊడదు. అప్పుడు మసులా పడవ సంగతి ఎత్తండి. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషుల్నీ మూటల్నీ ఆ అలల్లోంచి ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. వీటికి మేకులుండవు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. అల ఎత్తి ఇసుక మీద కుదేసినా పలక పగలకుండా కుట్టు ఒదిగేది. హార్బరు కట్టడం మొదలెట్టాక కూడా 1881 తుఫాను గోడల్ని దెబ్బకొట్టింది. మా చిన్నోడికి ఈ ముక్క భలే నచ్చింది.

ఆదివారం తెల్లవారకముందే కాశిమేడు చేపల రేవుకు చేరండి. పాత చెప్పులేసుకోండి, నేలంతా చేపల నీళ్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో సందడి తక్కువ. వేలంపాట దగ్గర అడ్డం నిలబడకండి. వల బాగుచేసుకునే పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. "అన్నా" అంటే తమిళమైనా తెలుగైనా చెల్లుతుంది! తెప్ప గురించి అడగండి. తమిళంలో అదే కట్టుమరం, అంటే కట్టిన మాను. ఇంగ్లీషు వాళ్ల కాటమరాన్ ఇక్కణ్ణుంచి పోయిందే. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవారు. ఇప్పుడు ఎటు చూసినా ఫైబర్ బోట్లే.

టీ తాగుతూ చీరాల దగ్గరి పాత రేవు మోటుపల్లి కథ చెప్పండి. మాది చీరాల, కాబట్టి నేను కాస్త సాగదీస్తాను. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు లాగేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించి, సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని వర్తకులకు అభయమిచ్చాడు.

ఇక మ్యూజియం. శుక్రవారం సెలవు. శాతవాహనుల సీసపు నాణెం ఫొటో ముందే ఫోన్‌లో దాచుకోండి, ఓడ బొమ్మ ఉన్నది. తెరచాప కొయ్యలెన్నో లెక్కపెట్టమనండి. రెండు. అట్ట కుట్టిన పిల్లలు ఈసారి ఆ బొమ్మను వదలరు. తర్వాత అమరావతి శిల్పాలు, ఓపిక ఉంటేనే.

వంజరం మాత్రం పొద్దున్నే కొనకండి. నేను కొన్నాను. ఐసు కరిగి ఆటో సీటంతా తడిసింది, డ్రైవరన్న ఎగ్మూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు.