సిరీస్ అయిపోయాక ఏం చదవాలి? మూడో పాఠం: చీటీ పెట్టిన పేజీ

పోయిన పాఠంలో ఒకటే పని ఇచ్చాను. చదివేసిన సిరీస్ మళ్లీ చేతిలోకి తీసుకుని, మీరు కనీసం రెండుసార్లు వెనక్కి తిప్పి చదివిన పేజీ ఎక్కడుందో వెతికి, అక్కడ చీటీ పెట్టమన్నాను. ఫోన్‌లో చదివినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకున్నా సరే. పెట్టనివాళ్లు ఇప్పుడే పెట్టి రండి. అది లేకపోతే ఈ పాఠంలో మీరు చేయడానికి ఏమీ ఉండదు.

ఉదాహరణగా సుజాన్ కాలిన్స్ రాసిన ‘హంగర్ గేమ్స్’ పెట్టుకున్నాం కదా. 2008, 2009, 2010, ఏడాదికొకటి చొప్పున మూడు నవలలు. మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు అవగానే ఆరు రోజుల్లో మూడూ ఊదిపారేసింది. ఏడో రోజు పొద్దున్నే ఫోన్. “పిన్నీ, ఇలాంటిదే ఇంకోటి చెప్పవా?”

ఆ ‘ఇలాంటిదే’ దగ్గరే అందరం బోల్తా పడతాం. నేనూ పడ్డాను. అప్పట్లో ఆ మూడో భాగం ముగించిన వారమే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కూర్చుని, నల్ల అట్ట, మధ్యలో మెరిసే గుర్తు ఉన్న పుస్తకాలు ఏరి మూడు కొన్నాను. మూడింట్లోనూ ఒక దుర్మార్గపు ప్రభుత్వం, ఒక అమ్మాయి, ఒక పరీక్ష, ఇద్దరబ్బాయిలు. ఒక్కటి కూడా అరవయ్యో పేజీ దాటలేదు. పుస్తకాలు చెడ్డవని కాదు. సరుకుల జాబితా సరిగ్గా చూసుకుని కొన్నాను, ఆకలి దేనిదో చూసుకోలేదు. బిర్యానీ బాగుందంటే బియ్యం బాగున్నాయా, మసాలానా, పక్కన పెట్టిన మిర్చీ కా సాలనా అని అడగాలి కదా. నేను అడగకుండానే బియ్యం బస్తా మోసుకొచ్చాను.

అందుకే చీటీ. ఇప్పుడు ఆ పేజీ తీయండి. అక్కడ ఏం జరుగుతోందో కాదు, ఏది మిమ్మల్ని పట్టి ఆపిందో చూడాలి.

దీనికి ఒక పనిముట్టు ఉంది. అమెరికాలో సియాటిల్‌కు చెందిన నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ప్రతి పుస్తకంలోకీ నాలుగు గుమ్మాలు ఉంటాయంటారు: కథ, పాత్రలు, స్థలం, భాష. ఒక్కో పుస్తకంలో ఒక్కో గుమ్మం వెడల్పుగా ఉంటుంది. పాఠకులు కూడా ఎవరికి అలవాటైన గుమ్మంలోంచి వాళ్లు లోపలికి పోతారు. (ఆవిడ రూపంలో ఒక బొమ్మ కూడా అమ్మారు. వీపు మీద బటన్ నొక్కితే ‘ష్’ అన్నట్టు వేలు పెదాల మీదికి వెళ్తుంది.) మీ చీటీ పేజీ ఏ గుమ్మంలో ఉందో తేల్చడమే ఇవాళ్టి సాధన.

చెప్పినంత తేలిక కాదు, అందుకని నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మా అమ్మాయి (అదే, అక్క కూతురు) చీటీ మొదటి భాగం మొదట్లోనే ఉంది. పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే పోటీకి పంపడానికి ప్రభుత్వం తీసే లాటరీలో పన్నెండేళ్ల చెల్లెలు ప్రిమ్ పేరు వస్తుంది. గాజు పాత్రలో ఆ పిల్ల పేరున్న చీటీ ఒక్కటే ఉంది, అయినా అదే చేతికి తగులుతుంది. పదహారేళ్ల అక్క కాట్నిస్ ముందుకు ఉరికి, తన పేరు ఇస్తుంది. “ఏం నచ్చిందే?” అంటే మా అమ్మాయి “యాక్షన్” అంది. పేజీ చూస్తే అక్కడ యాక్షన్ ఏదీ? దానికీ ఒక చెల్లెలుంది, ఏడేళ్లది, రోజూ జుట్లు పట్టుకుంటారు. నేను ఇంకేమీ అడగలేదు.

ఇది పాత్రల గుమ్మం. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, చిన్నదాన్ని కాపాడుకునే పెద్దది. ఈ దారిలో వెతికితే జవాబు అదే రచయిత్రి పాత అరలో దొరికింది. కాలిన్స్ దీనికంటే ముందు, 2003 నుంచి 2007 దాకా, గ్రెగర్ అనే పదకొండేళ్ల కుర్రాడి మీద ఐదు నవలలు రాశారు. న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ బట్టలుతికే గదిలో, గోడకున్న జాలీలోంచి రెండేళ్ల చెల్లెలు కిందికి జారిపోతుంది, వెనకే అన్న దూకుతాడు. కింద ఎలుకలు, బొద్దింకలు, గబ్బిలాలు, ఒక పెద్ద యుద్ధం. అట్ట మీద బొమ్మలు చూసి “చిన్నపిల్లలది” అని మా అమ్మాయి మూతి తిప్పింది. రెండో భాగం అడిగింది మాత్రం మూడో రోజునే.

నా స్నేహితురాలి చీటీ రొట్టెల దగ్గర. వాన పడుతుంటుంది. పదకొండేళ్ల కాట్నిస్ ఆకలితో బేకరీ వెనక చెత్తడబ్బాలు వెతుకుతుంటే తిట్టి తరిమేస్తారు. లోపలి కుర్రాడు కావాలని రెండు రొట్టెలు మాడబెట్టి, తల్లి చేత దెబ్బ తిని, పందికి వేయమన్న ఆ రొట్టెల్ని ఈ పిల్ల వైపు విసిరేస్తాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. చాలామంది దీన్ని ప్రేమకథ ఖాతాలో వేసి, ప్రేమకథలే కొనిచ్చి చేతులు దులుపుకుంటారు. నన్నడిగితే అది ప్రేమ కాదు, ఋణం. కాట్నిస్‌ను చివరిదాకా తొలిచేది కూడా అదే, తీర్చుకోలేని బాకీ. మనకు ఋణానుబంధం అని మాటే ఉంది కాబట్టి ఇది మనకి తొందరగా తడుతుంది. ఆవిడకి నేనిచ్చింది ఎలిజబెత్ వైన్ 2012లో రాసిన ‘కోడ్ నేమ్ వెరిటీ’. రెండో ప్రపంచయుద్ధం, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్, పట్టుబడిన ఒక అమ్మాయి, ఆమెను విమానంలో తీసుకొచ్చిన స్నేహితురాలు. లాటరీ లేదు, పోటీ లేదు, భవిష్యత్తు ప్రపంచమూ లేదు. దుకాణంలో ఈ రెండు పుస్తకాలూ ఒకే అరలో కనబడవు. ఇంతకు మించి కథ చెప్పను, చెబితే పాడవుతుంది.

మూడో చీటీ ఆఫీసులో ఒకాయనది. లెక్కల మనిషి. కాట్నిస్ పేరు ఇరవై సార్లు, ఆమె స్నేహితుడు గేల్ పేరు నలభై రెండు సార్లు లాటరీలో ఉన్నాయని చెప్పే పేజీ. అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికని కాస్త ధాన్యం, నూనె. మరుసటి ఏడు ఆ చీటీలు పోవు, పైన ఇంకొన్ని చేరతాయి. పేదవాడి పేరే ఎక్కువసార్లు ఆ గాజు పాత్రలో పడేలా రేషన్‌ని లాటరీకి ముడేశారు. ఆయన్ని పట్టుకున్నది మనుషులు కాదు, ఆ ఏర్పాటు. అది స్థలం గుమ్మం. స్థలమంటే కొండలూ నదులే అనుకోవద్దు, అక్కడి చట్టం కూడా స్థలమే. నీల్ షస్టర్‌మన్ ‘సైత్’ (2016) ఆయనకి సరిగ్గా సరిపోయింది. చావుని జయించిన లోకంలో జనాభా అదుపు కోసం మనుషుల్ని చంపే ఉద్యోగం ఒకటి ఉంటుంది, దానికి కోటా, నియమాలు ఉంటాయి, ఆ పని నేర్చుకోవడానికి ఇష్టం లేని ఇద్దరు పిల్లల్ని చేర్చుకుంటారు. మూడు భాగాలు, 2019లో పూర్తయ్యాయి కాబట్టి ఎదురుచూపులు లేవు.

నాలుగోది నాది, ఏ పేజీ అయినా ఒకటే. నాకు కావాల్సింది ఆ గొంతు, అంటే భాష గుమ్మం. కాట్నిస్ ‘నేను’ అని, అప్పటికప్పుడు జరుగుతున్నట్టు చెబుతుంది. తెలుగులో కథ మామూలుగా “ఆ రోజు తలుపు తీశాను, వాన పడుతోంది” అని సాగుతుంది. ఆమె పద్ధతి “తలుపు తీస్తాను. వాన. చెప్పులు కనబడటం లేదు.” చెప్పే మనిషికే తర్వాత ఏమవుతుందో తెలియదు, ఆ టెన్షన్ అంతా దాంట్లోంచే వస్తుంది. ఇది తెలియకే 2020లో అదే లోకం గురించి వచ్చిన నవల పట్టుకుని నేను నీరసపడ్డాను. అది మూడు నవలల్లో దేశాధ్యక్షుడైన స్నో కుర్రతనపు కథ, ‘అతను’ అని, జరిగిపోయినట్టు చెబుతారు. అదే లోకం, అదే రచయిత్రి, గొంతు మాత్రం వేరు. కాట్నిస్‌కు పోటీలో దారి చూపే హేమిచ్ మీద 2025లో వచ్చిన కథలో మళ్లీ ‘నేను’ వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. బయటివాళ్లలో ప్యాట్రిక్ నెస్ ‘ద నైఫ్ ఆఫ్ నెవర్ లెటింగ్ గో’ (2008) ఈ గుమ్మం వాళ్లకి. టాడ్ అనే కుర్రాడు స్పెల్లింగులు తప్పుతూ, ఊపిరాడకుండా చెబుతాడు. ఒక హెచ్చరిక: మొదటి భాగం నడిమధ్యలో తెగిపోతుంది, రెండోది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి.

చూశారుగా, ఒకే సిరీస్, నలుగురికి నాలుగు పుస్తకాలు. ఏవీ ఒకదానికొకటి పోలవు.

ఎంచుకున్నాక ఎన్ని పేజీలు ఓపిక పట్టాలి? నాన్సీ పెర్ల్ యాభై అంటారు. వయసు యాభై దాటితే వందలోంచి మీ వయసు తీసేసి మిగిలినన్ని చాలట, అంటే డెబ్బై ఏళ్లవాళ్లకి ముప్పై. నేను గొంతు కోసం వెతుకుతాను కాబట్టి ఇరవైలోనే తేల్చేస్తాను. మీది స్థలం గుమ్మమైతే తొందరపడొద్దు, లోకాన్ని నిలబెట్టడానికి ఏ రచయితకైనా నలభై పేజీలు పడుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీలో నేరుగా అడగొచ్చు. అక్కడ ఇదొక సేవ, ‘రీడర్స్ అడ్వైజరీ’ అంటారు. కానీ “హంగర్ గేమ్స్ లాంటిది” అని అడిగితే నల్ల అట్టల వరసే చూపిస్తారు. మీ వాక్యం పట్టుకెళ్లండి.

ఆ వాక్యమే ఈ వారం అభ్యాసం. చీటీ పేజీ చూస్తూ ఒక్క వాక్యం రాయాలి. అందులో పాత్రల పేర్లు రాకూడదు, ‘ఫాంటసీ’, ‘డిస్టోపియా’ లాంటి అరల పేర్లు రాకూడదు, ‘బాగుంది’ అసలే రాకూడదు. మా అమ్మాయి నాలుగుసార్లు కొట్టేసి రాసింది ఇది: “చెల్లి మీద కోపం ఉన్నా చెల్లికి ఏమైనా అయితే ఊరుకోని అక్క కావాలి, అక్క భయపడాలి కూడా.” చివరి ముక్క చూడండి, దాంతో అరలో సగం పుస్తకాలు పక్కకి పోతాయి.

వచ్చే పాఠంలో ఈ వాక్యాన్ని ఆన్‌లైన్‌లో ఎలా వెతకాలో, ఫుట్‌పాత్ దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో అట్ట వెనక మాటల్ని ఎలా నమ్మకుండా ఉండాలో చూద్దాం. (సశేషం)