ఎన్‌ఎంఆర్ లాగ్ చూసి రాయి పర్మియబిలిటీ లెక్క గట్టుడెట్ల?

మా అక్క కొడుకు నల్లగొండల జియాలజీ చదువుతుండు. "మామా, రాయిల నుంచి నూనె ఎంత సులువుగ పారుతదో లాగ్ చూసి ఎట్ల చెప్తరు?" అని అడిగిండు. వానికి చెప్పినట్టే రాస్తున్న. లాగ్ అంటె బావిలకు పరికరం దించి లోతు లోతుకు కొలిచి రాసుకున్న పటం. ఆ పారే సులువునే పర్మియబిలిటీ అంటరు. మన దిక్కు గ్రానైట్‌ల నీళ్లు పగుళ్లల్ల ఉంటయి, బోరు కాడ ఈ లెక్క నడవది. ఇది కృష్ణా-గోదావరి బేసిన్‌ల దొరికే ఇసుకరాయి అసొంటి, రేణువుల నడుమ సందులున్న రాళ్లకు.

ఎన్‌ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్) పరికరం నీళ్లల్ల, నూనెల ఉన్న హైడ్రోజన్‌ను అయస్కాంతంతోని కదిలిస్తది. ఆ సిగ్నల్ ఎంత సేపట్ల పడిపోతదో అదే టీ2. సన్న రంధ్రంల నీళ్లు గోడకు ఊకె తగులుతయి, సిగ్నల్ జల్ది పోతది. పెద్ద రంధ్రంల నిలుస్తది. మొత్తం సిగ్నల్ పోరాసిటీ, అంటె రాయిల సందులు ఎంత శాతమో, చెప్తది.

ఇగ టీ2 పటం (ఏ టీ2 కాడ ఎంత సిగ్నల్ ఉన్నదో చూపేది) మీద ఒక గీత గియ్యాలె. ఇసుకరాయికి మామూలుగ 33 మిల్లీసెకండ్లు. గీతకు ఎడమ దిక్కుది కదలని నీరు, కుడి దిక్కుది పారేది. పర్మియబిలిటీకి వాడే కోట్స్ సూత్రంల పోరాసిటీని పర్సెంట్లల్ల తీసుకొని 10తోని భాగించి నాలుగో ఘాతం చెయ్యి. పారేదాన్ని కదలనిదానితోని భాగించి వర్గం చెయ్యి. రెండూ గుణిస్తె పర్మియబిలిటీ వస్తది, దాని కొలత మిల్లీడార్సీలు. పోరాసిటీ 20, పారేది 14, కదలనిది 6 అనుకో: 16 ఇంటు 5.44, దగ్గర దగ్గర 87.

నాలుగో ఘాతం అన్న కదా, జర పైలం. పోరాసిటీ 20 బదులు 22 అని పడితె, ఆ ఒక్క తేడాకే జవాబు 46 శాతం పెరుగుతది. అందుకే ముందుగాల రాయి సాంద్రత కొలిచే డెన్సిటీ లాగ్‌తోని సరిచూడాలె. గ్యాస్ ఉంటె ఎన్‌ఎంఆర్ పోరాసిటీ తక్కువ చూపిస్తది. చిక్కటి నూనె సిగ్నల్ జల్ది పడిపోయి కదలని నీటి లెక్కల కలుస్తది.

టీ2 సగటు మీద నడిచే ఎస్‌డీఆర్ సూత్రం ఇంకొకటుంది. రంధ్రాలల్ల నీళ్లే ఉంటె మంచిగనే చెప్తది. నూనె ఉంటె ఆ సగటే మారిపోతది గనుక నేనైతే కోట్స్ దిక్కే పోత.

ఆ 33, ఆ 10 పుస్తకాలల్ల అంకెలు, నీ బావివి కావు. కోర్ (బావిల నుంచి కోసి తీసిన రాయి) దొరికితె ముక్కను ఉప్పునీళ్లతోని నింపి టీ2 కొలిపించు. సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి, పోయే నీళ్లు పోయినంక మళ్ల కొలిపించు. మిగిలిన నీళ్లెన్నో తెలుస్తది. మొదటి పటంల సన్న రంధ్రాల కాడికెల్లి కూడుకుంట పో, అన్ని నీళ్లు అయిన కాడ నీ గీత. ల్యాబ్‌ల కొలిచిన పర్మియబిలిటీకి సరిపడేటట్టు ఆ 10ని మార్చుకో.

సున్నపురాయిల గీత 100 దగ్గర్ల పెడ్తరు గానీ నాకు నమ్మకం తక్కువ. రంధ్రాన్ని గది అనుకో, రంధ్రాల నడుమ సన్న దారిని తలుపు అనుకో. ఎన్‌ఎంఆర్ గది ఎంత పెద్దదో చెప్తది, తలుపు ఎంత వెడల్పో చెప్పది. పారుడంత తలుపు మీదనే ఉంటది. ఇసుకరాయిల గది పెద్దదైతె తలుపు గూడ పెద్దగనే ఉంటది గనుక లెక్క కుదురుతది. సున్నపురాయిల ఒకదానికొకటి తగలని పెద్ద పెద్ద బొక్కలుంటయి. అసొంటి కాడ లాగ్ అంకెను పక్కన పెట్టి, వెల్ టెస్ట్ (బావిని పారించి ఒత్తిడి కొలుసుడు) ఏం చెప్తదో చూడు.