ప్రేమ సీరియల్ మొదటి భాగం పెట్టేముందు పాత్రల విషయంలో జాగ్రత్తలు

నవల మొత్తం రాసి పుస్తకంగా వేసేవాళ్లకు తప్పులు దిద్దుకునే వీలుంటుంది. ప్రతిలిపిలాంటి కథల యాప్‌లో రోజుకో భాగం పెట్టేవాళ్లకు ఆ వీలు తక్కువ. పన్నెండో భాగంలో హీరో తండ్రి పోయాడని రాసి, నలభయ్యో భాగంలో ఆయన చేత పెళ్లి మాటలు మాట్లాడిస్తే పాఠకులు ఊరుకోరు. పాత భాగాన్ని దిద్దొచ్చు కానీ, చదివేసినవాళ్లు దాన్ని మళ్లీ చదవరు. అందుకే ఇద్దరి గతమేంటి, ఎవరికేం కావాలి అన్నవి ముందే తేల్చుకోండి. కవర్ బొమ్మ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఒక జంటను అనుకుందాం. శ్రీధర్‌కి 32 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, భీమవరం దగ్గర తండ్రి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. నీరజకి 28, విశాఖలో నర్సు. కథ 2025లో జరుగుతోంది.

ఒకరికొకరు తారసపడకపోతే ఏం చేసేవాళ్లు?

అన్నిటికంటే ముందు రాసుకోవాల్సింది ఇదే. "నిజమైన ప్రేమ కావాలి" అనేది ఏ పాత్రకైనా సరిపోతుంది, కాబట్టి దేనికీ పనికిరాదు. నీరజ జర్మనీ వెళ్లాలనుకుంటోంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి పాసవ్వాలి. డ్యూటీలు చేసుకుంటూనే చదువుతోంది. శ్రీధర్‌కి చెరువు అమ్మకుండా అప్పు తీర్చాలి. ఆమె ఉండిపోతే తన కల పోతుంది, అతను వెళ్లిపోతే చెరువు పోతుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇక విలన్ ఎందుకు?

ఇది కుదరనప్పుడే రచయిత అపార్థాల వెంట పడతాడు. హీరోయిన్ ఎవరితోనో మాట్లాడుతుంటే హీరో చూశాడు, అడగలేదు, అలిగాడు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే గొడవ మీద యాభై భాగాలు నడిపే సీరియల్స్ ఎన్ని లేవు! నా మటుకు నేను మూడో భాగానికే ఆపేస్తాను.

కోరికకు ఒక తేదీ కూడా పెట్టండి. వనామీ రకం రొయ్యల పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. నీరజ పరీక్ష, శ్రీధర్ చెరువులో రొయ్యల పట్టుబడి ఒకే వారంలో పడేలా చూస్తే సగం కథ దానంతటదే నడుస్తుంది.

పుట్టిన సంవత్సరం వేసి చూసుకోండి

శ్రీధర్ చిన్నప్పుడు తెల్లమచ్చ తెగులుతో తండ్రి టైగర్ రొయ్య మొత్తం పోయిందని, ఆయన గట్టు మీద కూలబడి ఏడవడం కళ్లారా చూశాడని రాయాలనిపిస్తుంది. లెక్క చూడండి. 2025లో 32 అంటే 1993లో పుట్టాడు. ఆంధ్రలో ఆ తెగులు చెరువుల్ని ఊడ్చేసింది 1994-95 ప్రాంతంలో. అప్పటికి అతనికి రెండేళ్లు, ఏం గుర్తుంటుంది? అయితే ఈ చిక్కే కథకు పనికొస్తుంది. అతనికి తెలిసింది అమ్మ చెప్పిన కథే. అసలు జరిగింది వేరే అయితే? అప్పు చేసింది తండ్రి కాదు, బాబాయి అయితే?

పాత ప్రేమ ఉంటే దానికీ ఇదే లెక్క. శ్రీధర్ బీటెక్ రెండో సంవత్సరంలో ఉన్నది 2011-12లో. ఆ కుర్రాళ్ల ప్రేమలు ఎక్కువగా ఎస్సెమ్మెస్ ప్యాకుల మీదే నడిచాయి. 2011 సెప్టెంబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు 100 మెసేజ్‌ల పరిమితి పెట్టింది, తర్వాత 200 చేసింది. సరిగ్గా గొడవ మధ్యలో కోటా అయిపోయి, చెప్పాల్సిన మాట చెప్పలేకపోవడం ఆ తరానికే ఉన్న కష్టం. అక్కడ వాట్సాప్ స్టేటస్‌లో వీడియో పెట్టించారంటే ఆ వయసు పాఠకులు కామెంట్లలో పట్టేస్తారు.

వరసలు

మన పాఠకులు అస్సలు క్షమించని తప్పు ఇది. నీరజకి ఇంట్లో ఒక సంబంధం చూస్తున్నారు. ఆ అబ్బాయి మేనత్త కొడుకైతే బావ వరస, సరే. పొరపాటున పిన్ని కొడుకనో పెదనాన్న కొడుకనో రాస్తే అన్న అవుతాడు, కథ అక్కడే కూలిపోతుంది. ఇంటిపేర్లు కూడా సరిచూసుకోండి. ఒక కాగితం మీద రెండు కుటుంబాల వంశవృక్షం గీసి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో గీతల పక్కనే రాయండి. శ్రీధర్ తల్లిని నీరజ మొదట "ఆంటీ" అంటుంది. "అత్తయ్యా" అని మొదటిసారి ఏ భాగంలో అంటుందో ఇప్పుడే అనుకుంటే ఇంకా మంచిది.

గతాన్ని ఎప్పుడు బయటపెట్టాలి

మీ నోట్సులో పది పేజీల గతం ఉండొచ్చు. మొదటి భాగంలో మాత్రం ఫ్లాష్‌బ్యాక్ వద్దు. ముందు ఆ గతం వల్ల చేసే పనిని చూపించండి. ఒక రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలుతున్నాయి. జనరేటర్‌కి డీజిల్ లేదు, శ్రీధర్ చేతిలో డబ్బు లేదు. నీరజ తన ఫోన్‌తో డబ్బు కట్టేసి డీజిల్ తెప్పిస్తే, థాంక్స్ చెప్పాల్సినవాడు కోపంతో ఊగిపోయాడు. ఎందుకో పాఠకుడు పది భాగాల పాటు ఆలోచించుకోనివ్వండి. ఇంట్లో అప్పు ఏం చేసిందో అప్పుడు చెబితే చాలు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. చేదు గతాన్ని హీరో దురుసుతనానికి లైసెన్సుగా వాడకండి. చెయ్యి చేసుకున్నవాణ్ని "పాపం, చిన్నప్పుడు చాలా పడ్డాడు" అని హీరోయిన్ చేత క్షమింపజేసే కథలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఆ కోపానికి శ్రీధర్ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, కనీసం కొన్నాళ్లు నీరజ నమ్మకాన్నైనా.

స్నేహితురాలి ప్రేమకథనో, చుట్టాలింటి విడాకులనో వాడుకుంటుంటే పేరొక్కటే మారిస్తే చాలదు. ఊరు, ఉద్యోగం, తోబుట్టువుల సంఖ్య అన్నీ మార్చండి. ఆ కథ చదివే మొదటి పాఠకులు ఆ చుట్టాలే.

ఇవన్నీ అయ్యాక కూడా వెంటనే పోస్టు చేయకండి. కనీసం పది భాగాలు చేతిలో ఉంచుకోండి. అయిదో భాగం నుంచే "వాళ్లిద్దర్నీ తొందరగా కలిపేయండి" అని కామెంట్లు మొదలవుతాయి. నీరజ పరీక్ష తేదీ, శ్రీధర్ అప్పు మొత్తం రాసిన కాగితం ఎదురుగా గోడకు అంటించి ఉంటే, ఆ ఒత్తిడిలోనూ పదకొండో భాగం ఎటు వెళ్లాలో తెలుస్తుంది.